మట్టికోట గట్టు ఎక్కొద్దని ఎందుకంటారు? (ఫోర్ట్ మెకాలిస్టర్, జార్జియా, అమెరికా)

ప్రశ్న: సవానా దగ్గరి ఫోర్ట్ పులాస్కీ ఇటుక కోట. దానికి దక్షిణాన ఓగీచీ నది ఒడ్డున ఉన్న ఫోర్ట్ మెకాలిస్టర్ ఉత్త మట్టి దిబ్బలు. రెండూ అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేన చేతిలో ఉండి దెబ్బలు తిన్నవే. మట్టి దిబ్బకు అంత జాగ్రత్త దేనికి? గట్టు ఎక్కితే ఏం పోతుంది?

జవాబు:

ముందు ఆ మట్టి చేసిన పని చూడండి. పులాస్కీకి పట్టిన ఇటుకలు దాదాపు 2.5 కోట్లు, గోడల మందం ఏడున్నర అడుగులు. 1862 ఏప్రిల్ 10, 11 తేదీల్లో యూనియన్ (ఉత్తరాది) సేన మైలు పైచిలుకు దూరంలోని టైబీ దీవి నుంచి రైఫిల్ ఫిరంగులతో (గొట్టం లోపల మెలికల గాళ్లున్నవి) కొడితే 30 గంటల్లో గోడకు గండి పడింది. పగిలి రాలిన ఇటుకను యుద్ధం మధ్యలో తిరిగి కట్టేదెవరు? మెకాలిస్టర్‌లో అయితే గుండు వచ్చి మట్టిలో దిగబడుతుంది. పేలితే గొయ్యి పడుతుంది, అంతే. రాత్రి పారలు పట్టి పూడిస్తే తెల్లారేసరికి గట్టు మామూలే. 1863 మార్చి 3న పసాయిక్, పటాప్స్కో, నహాంట్ అనే మూడు ఇనుప కవచపు ఓడలు గంటల తరబడి కొట్టినా ఇదే జరిగింది. ఆ రోజు కోటలో పోయిన ప్రాణం సైనికులు పెంచుకున్న పిల్లిది ఒక్కటే. చివరికి 1864 డిసెంబర్ 13న కోటను పట్టుకున్నది ఓడలు కావు. యూనియన్ జనరల్ షెర్మన్ సైన్యంలోని హేజెన్ డివిజన్ నేల వైపు నుంచి వచ్చి, పావుగంటలో పని ముగించింది.

ఇక గట్టు సంగతి. చెరువు కట్టను చూసుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. అంచు మీద నలుగురూ నడిస్తే గడ్డి వేళ్లు తెగుతాయి, మట్టి బయటపడుతుంది. ఇక్కడిది ఇసుక పాలు ఎక్కువున్న తీరపు మట్టి, చినుకు దెబ్బకే రేణువులు లేస్తాయి. నీళ్లు ఆ కాలిబాటనే పట్టుకుని దిగుతాయి. మొదట వేలు లోతు చార, దాన్ని వదిలేస్తే మోకాలి లోతు కాలువ. కాలిబాట మీద మాత్రమే నడవమనేది ఇందుకే.

మరమ్మతులో ఎక్కువమంది చేసే తప్పు, పక్కనున్న కందకంలోంచే మట్టి తవ్వి పోయడం. దాంతో కందకం ఆకారమూ చెడుతుంది, అందులో పడి ఉన్న ఆనవాళ్లూ చెదిరిపోతాయి. మట్టి బయటి నుంచే తేవాలి. పోసేముందు పాత మట్టి మీద జియోటెక్స్‌టైల్ (నీళ్లు దిగనిచ్చే సింథటిక్) గుడ్డ పరవాలి, ఏది అసలుదో ఏది మనం పోసిందో రేపు తవ్వి చూసేవాళ్లకు తెలియాలి కదా. పలచటి పొరలుగా పోసి చేతి దిమ్మిసతో అదమాలి, రోలరు ఎక్కించకూడదు. పైన ఆ ప్రాంతపు గడ్డి విత్తనం చల్లి కొబ్బరిపీచు వల కప్పితే, వేరు పట్టేదాకా వల కాస్తుంది, తర్వాత అదే కుళ్లిపోతుంది.

గడ్డిని 4 అంగుళాల కంటే పొట్టిగా కోయకూడదు. బోడిగుండులా కోస్తే చూడ్డానికి బావుంటుంది గానీ, ఎండకు వేరు చచ్చి మట్టి తేలుతుంది. వాలు మీదికి ట్రాక్టరు అసలే వద్దు.

చెట్టు ఇంకో గొడవ. గట్టు మీది పెద్ద చెట్టు గాలివానకు కూలితే వేళ్లతో పాటు బండెడు మట్టిని పెళ్లగించుకుపోతుంది. కాబట్టి ఒరిగినవాటిని ముందే నేలమట్టానికి కోసి, మొద్దును అలాగే వదిలేస్తారు. మొద్దును పీకారో, గాలి చేయాల్సిన నష్టం మీరే చేసినట్టు. ఆర్మడిల్లో (ఒంటి మీద పెంకు ఉండి, నేల తవ్వే జంతువు) బొరియలు కనిపిస్తే వెంటనే పూడ్చాలి. లేకపోతే వాననీళ్లు లోపలికి దిగి, చెరువు కట్టకు బుంగ పడ్డట్టే అవుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, మీరు చూసేదంతా 1860ల నాటిది కాదు. 1930ల్లో ఈ భూమి కార్ల కంపెనీ అధిపతి హెన్రీ ఫోర్డ్ చేతిలో ఉన్నప్పుడు కోటను బాగుచేయించాడు. 1958లో జార్జియా రాష్ట్రానికి వచ్చాక కూడా పనులు జరిగాయి. కలప ఏదైనా తర్వాత పెట్టిందే అనుకోండి, ఆ తేమలో అన్నేళ్లు నిలవదు. నమ్మదగింది గట్టు లోపలి మట్టే. మెటల్ డిటెక్టరుతో తవ్వనివ్వకపోవడానికీ కారణం ఇదే: తూటా ఎక్కడ, ఎంత లోతులో ఉందన్నదే సమాచారం, బయటికి తీస్తే అది ఉత్త సీసం ముక్క.