మీ ప్రశ్న – నా జవాబు: ఆ కాగితంలో ఎవరి పేరు రాశాను?

ప్రశ్న: 'జిల్లాలో సాధారణ వర్షపాతం' అని పేపర్లో వేశారు. మా చెరువులో గేదెలకు మోకాళ్లు కూడా తడవలేదు. అబద్ధం ఎవరిదండీ?
– ఒక రైతు, కనిగిరి దగ్గర

జవాబు: ఎవరిదీ కాదు. వాతావరణ శాఖ లెక్కలో దీర్ఘకాల సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉన్నా సాధారణమే. పైగా అది జిల్లా మొత్తం సగటు. నెలరోజుల వాన రెండు రోజుల్లో కురిసి వాగులో కొట్టుకుపోయినా లెక్క సరిపోతుంది, చెరువు మాత్రం నిండదు. ఈసారి మీ మండలం లెక్క, ఎన్ని రోజులు కురిసిందన్న లెక్క విడిగా అడిగి చూడండి.

ప్రశ్న: సార్, నేను ఎంఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం. మా నాన్న కోవూరు వైపు ఐదెకరాలు కౌలుకు చేస్తారు. వాతావరణ మార్పు కౌలు రైతులను ఏం చేస్తోందో ప్రాజెక్టు రాస్తానంటే మా గైడ్ 'కౌలు, కులం వాతావరణ సైన్సు కాదమ్మా, ఉష్ణోగ్రతల డేటా తీసుకో' అన్నారు. జాతీయ పరిశోధనల్లో ఇలాంటివి నిజంగానే ఉండవా? నాన్న ఖర్చులు రాసుకున్న నోటుబుక్కులు తప్ప నా దగ్గర ఏ డేటా లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ గైడ్ లేనిది చెప్పలేదు. జరిగిన పని చాలావరకు అలాగే ఉంది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో మన దేశ వాతావరణ మార్పుల మీద పెద్ద నివేదిక తెచ్చింది. 1901 నుంచి 2018 మధ్య సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందన్నది అందులోదే. వానలు, కరువులు, తుపాన్లు, సముద్రమట్టం, హిమాలయాలు... అంతా భౌతిక శాస్త్రం. దాని పని అది చేసింది. ఆ మార్పుల దెబ్బ ఎవరి నెత్తిన పడుతోందన్న రెండో సగమే అంత శ్రద్ధగా సాగలేదు.

హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా, CRIDA) 2019లో 573 గ్రామీణ జిల్లాలను చూసి, 310 జిల్లాలకు ముప్పు ఎక్కువ లేదా చాలా ఎక్కువ అని తేల్చింది. పేదరికం లాంటివీ లెక్కలో కలిపారు, కాదనను. కానీ వాళ్ల పటంలో జిల్లాకంతా కలిపి ఒకటే రంగు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉదయగిరి మెట్టా ఉంది, ఇందుకూరుపేట మాగాణీ ఉంది, పులికాట్ ఒడ్డూ ఉంది. ఒకే మాగాణిలో ఆసామీ, అంటే భూమి యజమానీ ఉన్నాడు, కౌలుదారూ ఉన్నాడు. పటంలో వాళ్లు విడిగా కనబడరు. ఇంకొకటి, దేశానికి వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మన నెల్లూరుకు సగానికి పైగా వాన అక్టోబరు తర్వాతే. ఆ సంగతి ఢిల్లీకి ప్రతి ఏడూ కొత్తగా చెప్పాల్సి వస్తుంది!

ఇక నా సంగతి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, హైవే కోతకు గురైనప్పుడు నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. పంట నష్టం రాయడానికి ఒక ఊరికి పోయాను. నారుమడి మీద జానెడు ఇసుక మేట. కింద నారు ఉందని ఆ మడి కౌలుకు చేస్తున్న మనిషి చేత్తో తవ్వి చూపించాడు, పచ్చగా ఒక కట్ట వచ్చింది. విత్తనం ఆయనది, దుక్కి ఖర్చు ఆయనది, ఎకరాకు ఒక పుట్టి (మన పాత కొలత) వడ్లు కౌలుగా ఒప్పుకున్నదీ ఆయనే. పరిహారానికి కౌలు రైతు చూపించాల్సిన సాగుదారు కార్డు మాత్రం లేదు. 2019 చట్టం ప్రకారం కార్డు కావాలంటే ఆసామి ఒప్పుకుని సంతకం పెట్టాల్సి ఉండేది. ఆసామి చెన్నైలో ఉంటాడు, పెట్టలేదు. 'నా పేరు రాయకపోతే ఎట్టా సార్' అన్నాడు. నేను ఆసామి పేరే రాశాను. నాలాంటి వాళ్లు రాసిన కాగితాలే పైకి పోయి డేటా అవుతాయి. వాటితో ఎంత గొప్ప మోడల్ కట్టినా ఆయన అందులో ఉండడు. ఏటిగట్టున ఎండ్రకాయలు పట్టుకుని బతికే యానాది గిరిజనుల సంగతి చెప్పనే అక్కర్లేదు. సెంటు భూమి లేనివాళ్లకు పంట నష్టం ఫారంలో చోటెక్కడిది?

అందుకని గైడ్‌తో వాదనకు దిగొద్దు. కులం, రాజకీయం అంటే బెదిరిపోతారు. 'ఒకే వరద, ఒకే ఊరు, నష్టం ఎవరు భరించారు, పరిహారం ఎవరికి చేరింది' అని పేరు పెట్టండి. ముప్పై ఇళ్లు చాలు. వరద వస్తోందని ఎవరికి ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు, ఆ ఏడాది కౌలు పుట్లు తగ్గించారా, అప్పు ఎంత వడ్డీకి తెచ్చారు, ఇవి అడగండి. ఆడవాళ్లను విడిగా అడగండి. నాట్లు ఆగిపోతే పోయిన కూలి దినాలు మగవాళ్లకు గుర్తుండవు. ఉష్ణోగ్రత, వాన లెక్కలు కూడా వీటితో కలిపి ఇవ్వండి, గైడ్‌కూ తృప్తిగా ఉంటుంది.

నాన్న నోటుబుక్కులు డేటా కాదని ఎవరన్నారు? ముందు 2021 నాటి పుస్తకం తీసి ప్రతి పేజీకీ ఫోన్లో ఫొటో కొట్టుకోండి. వరదలో తడిసిన కాగితం అయితే అంటుకుపోయి ఉంటుంది, గట్టిగా లాగొద్దు.