రన్నింగ్ స్టార్ట్‌లో వచ్చిన బీ మైనస్‌ని మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో చూపించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ అబ్బాయి సియాటిల్ దగ్గర హైస్కూల్లో ఉండగా రన్నింగ్ స్టార్ట్ అనే పథకం కింద కమ్యూనిటీ కాలేజీలో కొన్ని కోర్సులు చదివాడు. కెమిస్ట్రీలో బీ మైనస్ వచ్చింది, సైకాలజీ మధ్యలో వదిలేశాడు. తర్వాత చేరిన యూనివర్సిటీ వాటిలో కొన్ని క్రెడిట్లే తీసుకుంది, అవి కూడా గ్రేడు లేకుండా. ఇప్పుడు ఆమ్‌కాస్‌లో (మెడికల్ స్కూళ్లకి ఉమ్మడిగా పెట్టే అప్లికేషన్) ఇవన్నీ రాయాలా, వదిలేయొచ్చా అని.

రాయాలండీ. సైకాలజీతో సహా.

మా అమ్మాయి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో హైస్కూల్ చదివింది. అక్కడ దీన్ని డ్యూయల్ క్రెడిట్ అంటారు. తను ఆమ్‌కాస్, టెక్సస్ మెడికల్ స్కూళ్ల సొంత అప్లికేషన్ టీఎండీఎస్‌ఏఎస్ రెండూ నింపింది కాబట్టి ఈ తతంగం అంతా దగ్గరుండి చూశాను. నీట్ ర్యాంకు ఒక్కటి వస్తే చాలనుకునే చోటు నుంచి వచ్చిన మనకి, పదహారేళ్లప్పుడు చదివిన కోర్సు ఇరవై ఒకటో ఏట మళ్లీ ఎదురవడం వింతగానే ఉంటుంది. కానీ ఇక్కడి లెక్క అదే.

ఆమ్‌కాస్ అడిగేది చాలా సూటిగా ఉంటుంది. అమెరికా, కెనడాల్లో ఏ కాలేజీలోనైనా ఒక్క కోర్సుకి పేరు నమోదైతే చాలు, ఆ కాలేజీని చూపించాలి. క్రెడిట్ వచ్చిందా, ఇంకో చోటికి ట్రాన్స్‌ఫర్ అయిందా అన్నదాంతో పని లేదు. పిల్లవాడు కాలేజీకి వెళ్లి చదివాడా, హైస్కూల్ గదిలోనే హైస్కూల్ టీచర్ దగ్గర చదివాడా అన్నది కూడా వాళ్లు పట్టించుకోరు. ఆ కోర్సు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల రికార్డు) మీద ఉంటే అది కాలేజీ కోర్సే. మా అమ్మాయి చదివిన ఇంగ్లిష్ 1301, హిస్టరీ 1301 హైస్కూల్ క్లాసుల మధ్యలోనే జరిగాయి. అయినా వాటి ట్రాన్‌స్క్రిప్ట్ ఇచ్చేది కమ్యూనిటీ కాలేజీ. (టెక్సస్ కోర్సు నంబర్లలో రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. 1301 అంటే మూడు, బయాలజీ 1406 అంటే నాలుగు. నింపేటప్పుడు ఇది భలే పనికొచ్చింది.)

చాలామంది తికమకపడేది ట్రాన్స్‌ఫర్ దగ్గర. యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఈ కోర్సులు పైన ఎక్కడో 'టీ' అనో, గ్రేడు ఖాళీగానో కనిపిస్తాయి. దాంతో గ్రేడు మాయమైపోయింది అనుకుంటారు. మాయం కాదు. యూనివర్సిటీ దాన్ని తన జీపీఏలో (నాలుగుకి లెక్కేసే గ్రేడ్ల సగటు) కలపలేదు, అంతే. ఆమ్‌కాస్‌లో ఆ కోర్సుని అసలు చదివిన కాలేజీ కింద, అక్కడ వచ్చిన గ్రేడుతో, ఒక్కసారే రాయాలి. యూనివర్సిటీ కింద మళ్లీ రాయకూడదు. ఏ ఏడాది చదివాడని అడిగే చోట 'హైస్కూల్' అని ఎంచుకోవాలి. ఆ గ్రేడ్లు జీపీఏ పట్టికలో వేరే వరుసలో కనిపిస్తాయి. వదిలేసిన సైకాలజీని 'డబ్ల్యూ' (విత్‌డ్రా, అంటే మధ్యలో మానేసినట్టు) అని రాస్తే సరిపోతుంది, అది జీపీఏని తాకదు.

ఇక మీ అసలు టెన్షన్, బీ మైనస్. లెక్క వేసి చూద్దాం. మీ దగ్గర సెమిస్టర్లు కాకుండా క్వార్టర్ పద్ధతి కాబట్టి 5 క్రెడిట్ల కోర్సు ఆమ్‌కాస్ లెక్కలో దాదాపు 3.3 సెమిస్టర్ గంటలు (అంటే సెమిస్టర్ క్రెడిట్లు) అవుతుంది. ఆ మార్పు వాళ్లే చేసుకుంటారు. బీ మైనస్‌కి 2.7 పాయింట్లు. మిగతా 120 గంటల్లో 3.90 ఉంటే ఇది కలిశాక 3.87 దగ్గర ఆగుతుంది. సైన్సు, లెక్కల జీపీఏని విడిగా తీస్తారు, అందులో గంటలు తక్కువ కాబట్టి దెబ్బ కాస్త ఎక్కువ కనిపిస్తుంది. రన్నింగ్ స్టార్ట్‌లో 'ఏ' (A) గ్రేడ్లు ఏమైనా వచ్చి ఉంటే అవి కూడా ఇదే లెక్కలోకి వస్తాయని మర్చిపోకండి. మా ఇంట్లో వాటివల్ల లాభమే జరిగింది. అదే కెమిస్ట్రీని యూనివర్సిటీలో మళ్లీ చదివి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నాడనుకోండి, రెండు గ్రేడ్లూ లెక్కకొస్తాయి, పాతది చెరిగిపోదు. టెక్సస్ వాళ్లు ప్లస్సులు, మైనస్సులు చూడరు. అక్కడ బీ మైనస్ కూడా బీయే.

ఈ 0.03 కోసం దాచిపెట్టడం అనవసరమైన సాహసం అని నా అభిప్రాయం. యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్ట్ మీదే పాత కాలేజీ పేరు అచ్చయి ఉంటుంది. అప్లికేషన్‌ని ట్రాన్‌స్క్రిప్టులతో పోల్చి చూసే వెరిఫికేషన్‌లో కూర్చున్నవాళ్లకి అది కనిపిస్తుంది. అప్లికేషన్ వెనక్కి వస్తే వారాలు పోతాయి, కావాలని దాచారని తేలితే వ్యవహారం విచారణ దాకా వెళ్తుంది.

గ్రేడు కంటే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది పాత కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోవడం. అమ్మాయి అకౌంటు హైస్కూల్ ఈమెయిల్‌తో తెరిచింది. ఆ ఈమెయిల్ స్కూలు అయిపోగానే మూసేశారు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు అక్కడికే పోతోంది. ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరికి అప్పజెప్పడం. అది తెరుచుకున్నాక చూస్తే, ఎప్పటిదో చిన్న ఫీజు బాకీ ఉందని అకౌంటు మీద హోల్డు. ఆ బాకీ సంగతి ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరం ముక్క కూడా రాలేదు! అన్ని కాలేజీల ట్రాన్‌స్క్రిప్టులూ చేరితేగానీ ఆమ్‌కాస్ వెరిఫికేషన్ మొదలుపెట్టదు. సీజన్ మధ్యలో ఆ పనికే ఆరు వారాల దాకా పట్టొచ్చు. అందుకే అప్లికేషన్ తెరిచే మే నెల దాకా ఆగకుండా, మీ అబ్బాయిని ఇప్పుడే ఆ పాత అకౌంట్లోకి వెళ్లి హోల్డు ఏమైనా ఉందేమో చూడమనండి. అప్పుడే అనఫీషియల్ కాపీ ఒకటి దించుకోమనండి. కోర్సు పేరు, నంబరు, క్రెడిట్లు దాన్ని చూసి దించాలి తప్ప గుర్తున్నంత రాయకూడదు.

మన పేర్ల గొడవ ఒకటి ఉండనే ఉంది. కాలేజీ రికార్డులో మా అమ్మాయి పేరు రెండు ముక్కలుగా విడిపోయి, సగం మిడిల్ నేమ్‌గా, ఇంటిపేరు ముందుగా ఉంది. యూనివర్సిటీలో ఇంకోలా ఉంది. అప్లికేషన్‌లో వేరే పేర్లు ఉంటే రాసే చోటు ఉంటుంది, అక్కడ రెండో రూపం కూడా రాయాలి. ట్రాన్‌స్క్రిప్ట్ అడిగేటప్పుడు ఆమ్‌కాస్ ఇచ్చే రిక్వెస్ట్ ఫారం జతచేస్తే, దాని మీద ఉండే ఐడీతో ఏది ఎవరిదో వాళ్లకి సులువుగా దొరుకుతుంది.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి పరీక్షలు) క్రెడిట్ల సంగతి వేరు. అవి యూనివర్సిటీ ఒప్పుకుని తన ట్రాన్‌స్క్రిప్ట్ మీద వేస్తేనే రాయాలి. యూనివర్సిటీ కిందే, ఇచ్చిన టర్ములో. గ్రేడు ఉండదు కాబట్టి జీపీఏకి సంబంధం లేదు. అయితే కొన్ని మెడికల్ స్కూళ్లు ఏపీ కెమిస్ట్రీనో బయాలజీనో తప్పనిసరి కోర్సు కింద ఒప్పుకోవు, పైస్థాయి కోర్సు ఇంకొకటి చదవమంటాయి. కమ్యూనిటీ కాలేజీ సైన్సు కోర్సుల మీద కూడా ఒక్కో స్కూలుది ఒక్కో మాట. కాబట్టి ఆ బీ మైనస్ కెమిస్ట్రీని మీవాడు తప్పనిసరి కోర్సుగా వాడుకోవాలనుకుంటే, తను అప్లై చేసే స్కూళ్ల అడ్మిషన్ పేజీలు ఒక్కొక్కటీ తెరిచి చూసుకోమనండి.