మీ బాబుది మొండితనమా, ఏడీహెచ్‌డీనా?

అక్కా, ఎనిమిదేళ్ల బాబు క్లాసులో పది నిమిషాలు కూర్చోడని టీచరు అంటున్నారు, ఇంట్లో కార్టూన్లు మాత్రం రెండు గంటలు కదలకుండా చూస్తాడు కాబట్టి ఇదంతా మొండితనమేనని మీవారు అంటున్నారు, అంతేగా? చాలామంది పొరబడేది అక్కడే. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే మెదడు ఎదుగుదల తేడా. అది ఉన్న పిల్లలకి శ్రద్ధ లేకపోవడం కాదు, కావలసిన చోట దాన్ని నిలపలేరు. క్షణక్షణం మారే బొమ్మలు వాళ్లని పట్టేస్తాయి, ఎక్కాల పుస్తకం పట్టదు.

లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉన్నాయా, 12 ఏళ్లలోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా, చదువుకో స్నేహాలకో అడ్డొస్తున్నాయా అని డాక్టర్లు చూస్తారు. రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో తేలదు. చూపు, వినికిడి, నిద్ర బాగున్నాయో లేదో కూడా చూపించండి.

నాకైతే ఏడీహెచ్‌డీ ఉందని 36 ఏళ్లకి తెలిసింది. విశాఖ మద్దిలపాలెంలో బస్సెక్కి, ఏదో ఆలోచనలో పడి, గాజువాకలో దిగాల్సినవాణ్ణి కూర్మన్నపాలెంలో తేలేవాణ్ణి. డబ్బులుండీ కరెంటు బిల్లు లేటే. పెద్దయ్యాక గెంతులు తగ్గి లోపల గాభరా మిగులుతుంది. మీవారు రోజూ బండి తాళాలు వెతుక్కుంటారని రాశారుగా! ఏడీహెచ్‌డీ తరచు వంశపారంపర్యంగా వస్తుంది. ఆయన్నీ తీసుకెళ్లండి, దెప్పకుండా.

విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, పేరు చూసి జంకకండి. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు బాబు నోట్‌బుక్కులు రెండు మూడు పట్టుకెళ్లండి, టీచరు చేత నాలుగు ముక్కలు రాయించుకుని.