సేవింగ్స్ ఖాతాలో 10 లక్షలకు మించి నగదు వేస్తే పన్ను పడుతుందా?

పడదు, కానీ ఆ డబ్బు ఎక్కడిదో కాగితంతో చూపలేకపోతే పడుతుంది, అదీ చాలా గట్టిగా. ఒక ఆర్థిక సంవత్సరంలో సేవింగ్స్ ఖాతాల్లో 10 లక్షలు, ఆపైన నగదు జమైతే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు తెలపాలి. నోటీసు వచ్చేది అందుకే. అది జరిమానా కాదు, ప్రశ్న మాత్రమే. జవాబు లేకపోతే దాన్ని లెక్క చెప్పని సొమ్ముగా తీసుకుంటారు; 2026 మార్చి 31 వరకు అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 69ఎ సెక్షన్. ఆ చట్టంలోనే 115బీబీఈ సెక్షన్ కింద 60 శాతం పన్ను, దానిపై సర్‌ఛార్జి, సెస్సు కలిపి 78 శాతం పడేది.

నర్సంపేట రైతు ఒకరు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో విడతలుగా మిర్చి అమ్మి 11 లక్షలు జమ చేశారనుకోండి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. అయితే 'మిర్చి డబ్బులు సార్' అంటే సరిపోదు. తక్‌పట్టీలు (మార్కెట్‌లో ఇచ్చే అమ్మకం చీటీలు), పట్టాదారు పాసుపుస్తకం ఉండాలి, తేదీలు జమలతో కలవాలి. చాలా కేసులు ఓడేది ఇక్కడే: పంట నిజమే, తక్‌పట్టీ మాత్రం ఇంట్లో ఎక్కడో పోయి ఉంటుంది. దయచేసి వాటిని పారేయకండి.

49 వేల చొప్పున వేస్తే ఎవరికీ తెలియదన్నది అపోహ. 50 వేలన్నది పాత నిబంధనల్లో పాన్ అడిగే పరిమితి. 10 లక్షల లెక్క ఏడాది మొత్తానిది, ఆ బ్యాంకులో మీకున్న సేవింగ్స్ ఖాతాలన్నీ కలిపి.