కొత్త ఇంటి బెంగకు అక్క మాత్రలా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, నా వయసు 36. ఆరు వారాల కిందట కొత్త ఇంటికి మారాం. సామాన్లు సర్దడం మొదలుపెట్టినప్పటి నుంచే ఒకటే టెన్షన్. రాత్రి చిన్న చప్పుడైనా మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, చెమటలు, చేతులు సన్నగా వణకడం. మావారు డ్యూటీకి వెళ్లాక ఒక్కదాన్నే ఉండాలంటే భయమేసి అమ్మ వాళ్లింటికి వెళ్లిపోతున్నాను. మా అక్కకు డాక్టర్ రాసిన ఆల్ప్రాజోలం మాత్ర రాత్రిపూట సగం వేసుకుంటే మొదట్లో హాయిగా నిద్రపట్టింది. ఈమధ్య సగం చాలక ఒకటి వేసుకుంటున్నాను. బాగానే తింటున్నా నాలుగు కిలోలు తగ్గాను. పని ఎక్కువై అనుకుంటున్నాను. పడకగది మార్చుకుంటే నయమా? ఈ ఇంటికి అలవాటు పడేదెలా?
- ఓ పాఠకురాలు

జవాబు: పడకగది సంగతి తర్వాత చూద్దామమ్మా. మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించినవి రెండు. ఒకటి మీ అక్క మాత్ర, రెండోది మీరు తగ్గిన నాలుగు కిలోలు.

ముందు మాత్ర సంగతి. ఆల్ప్రాజోలం బెంజోడయాజెపైన్ల రకానికి, అంటే ఆందోళన తగ్గించి నిద్ర తెప్పించే మందుల కోవకు చెందింది. వేసుకున్న గంటా గంటన్నరలోనే మనసు నెమ్మదిస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో అమృతంలా అనిపిస్తుంది. కానీ మెదడు కొన్ని వారాల్లోనే దానికి అలవాటు పడిపోతుంది. సగం చాలక ఒకటి కావలసి రావడం ఆ అలవాటుకు మొదటి గుర్తు. మందు ప్రభావం తగ్గే వేళకు దడ, వణుకు మళ్లీ మొదలవుతాయి. ఇల్లు పడటం లేదనుకుని ఇంకో మాత్ర వేసుకుంటారు. అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేసినట్లే ఇది. అందుకే ఈ మందులను మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడనివ్వం. మీరు ఎన్ని వారాలుగా వేసుకుంటున్నారో రాయలేదు. చూపించుకునేటప్పుడు డాక్టర్‌కు అది తప్పకుండా చెప్పాలి.

ఇది చదివి భయపడి ఈ రాత్రి నుంచే మానేస్తారేమో, ఆ పని మాత్రం చేయకండి. రోజూ వాడుతున్న బెంజోడయాజెపైన్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, విపరీతమైన ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. మోతాదు పెంచొద్దు, సొంతంగా ఆపొద్దు. రెండు మూడు రోజుల్లోపే ఫిజీషియన్‌నో సైకియాట్రిస్టునో కలవండి. ఎంతెంత చొప్పున, ఎన్ని వారాల్లో తగ్గించాలన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి. చూడకుండా నేనిక్కడ లెక్క రాయడం సరికాదు. ఈలోగా మద్యం, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, మత్తు తెచ్చే అలర్జీ మాత్రలు దీనితో కలవకూడదు. శ్వాస మందగించే ప్రమాదం ఉంది. ఫంగల్ ఇన్‌ఫెక్షన్‌కు కీటోకోనజోల్, ఇట్రాకోనజోల్ లాంటి మాత్రలు వాడుతుంటే అవి ఒంట్లో ఆల్ప్రాజోలం మోతాదును పెంచేస్తాయి. పొద్దున మగతగా ఉంటే బండి తీయొద్దు. గర్భం వచ్చే అవకాశం ఉందనుకుంటే ఆ మాట డాక్టర్‌కు మొదటే చెప్పండి.

అక్కయ్య ప్రేమతోనే ఇచ్చి ఉంటారు, కాదనను. కానీ ఆ మాత్ర ఆవిడ వయసు, ఆవిడ జబ్బు, ఆవిడ వాడే మిగతా మందులు చూసి రాసింది. ఇంకో సంగతి, మీకు ఇచ్చిన మేరకు ఆవిడ స్ట్రిప్పులో తగ్గిపోతున్నాయి. ఆవిడ రోజూ వేసుకునే మనిషైతే, మందు మధ్యలో అయిపోయి పైన చెప్పిన ఇబ్బందులు ఆవిడకూ రావచ్చు. ఇంట్లో ఒకరి మందు ఇంకొకరు వేసుకోవడం వల్ల అవస్థ పడేవాళ్లను ఓపీలో తరచూ చూస్తుంటాను. 'సగమే కదా' అన్న మాట వినని వారం ఉండదు. మీరిప్పుడు వేసుకుంటున్న మాత్ర తగ్గించడం డాక్టర్‌కు వదిలేయండి, ఇకమీదట ఒకరి మందు ఇంకొకరు వాడే అలవాటు మాత్రం దయచేసి మానుకోండి.

ఇక బరువు. బాగా తింటూ కూడా బరువు తగ్గడం, దడ, చెమటలు, చేతుల వణుకు... ఇవన్నీ ఒకచోట చేరితే ఏ డాక్టరైనా ముందు థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమోనని చూస్తారు. ఆందోళనలో సాధారణంగా ఆకలి తగ్గి బరువు తగ్గుతుంది, మీకు ఆకలి బాగానే ఉంది. షుగర్ ఉన్నా ఇలా కావచ్చు. సామాన్లు మోసి చిక్కానని సరిపెట్టుకోకండి. పొద్దున లేచీ లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు లెక్కపెట్టండి. ఊరికే పడుకున్నా వంద దాటుతోందంటే ఆలస్యం చేయొద్దు. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు విడదీసి, వాటిమీద పల్చటి కాగితం పెట్టమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. కంటికి కనిపించని వణుకు కూడా కాగితం అంచుల్లో తెలిసిపోతుంది. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షలు, వాటితోపాటు హిమోగ్లోబిన్, షుగర్ చేయించండి. ఈసీజీ అవసరమా లేదా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టర్ చెబుతారు. జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి రక్తం ఇవ్వండి, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

పరీక్షలన్నీ నార్మల్‌గా వస్తే అప్పుడు ఇల్లు మారిన బెంగ గురించి మాట్లాడుకోవచ్చు. అది మీ ఊహేమీ కాదు. 1967లో హోమ్స్, రాహె అనే ఇద్దరు సైకియాట్రిస్టులు జీవితంలో ఒత్తిడి తెచ్చే సంఘటనల పట్టిక తయారుచేస్తే అందులో ఇల్లు మారడానికీ 20 పాయింట్లు ఇచ్చారు. కొత్త చోట తొలిరాత్రి నిద్రలో మెదడు ఎడమ సగం కాస్త మెలకువగానే ఉండి చప్పుళ్లకు త్వరగా స్పందిస్తుందని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చూపించారు. మామూలుగా అది ఒకటి రెండు రాత్రుల్లో సర్దుకుంటుంది. ఆరు వారాలైనా తగ్గలేదంటే సర్దుబాటు సమస్యో, అంతకుముందే లోలోపల ఉన్న ఆందోళనో కావచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే తప్ప ఏదని చెప్పలేం.

పడకగది మార్చొద్దు. ఇప్పుడు మారిస్తే మళ్లీ మొదటి నుంచి అలవాటు పడాలి. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున లేచే టైమ్ ఒక్కటే పెట్టుకోండి. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు. మంచం నుంచి కనిపించే అట్టపెట్టెలు మాత్రం ముందు విప్పేయండి, మిగతావి నిదానంగా సర్దుకోవచ్చు. రాత్రి భయపెడుతున్న చప్పుడు నీళ్ల పైపుదా, కిటికీ రెక్కదా అని పగటిపూట మీవారితో కలిసి వెతికి చూడండి. ఎక్కడిదో తెలిసిన చప్పుడుకు మెలకువ వచ్చినా భయమేయదు.

అమ్మగారింటికి వెళ్లడం తప్పని అనను. భయం వేసిన క్షణంలో పరుగెత్తడమే ఇబ్బంది. వెళ్లిన ప్రతిసారీ ఈ ఇల్లు ప్రమాదమన్న ముద్ర గట్టిపడుతుంది. ఈరోజు ఒంటరిగా పావుగంట ఉండండి, అది సులువయ్యాక అరగంట. దడ వస్తే గాలి తీసుకునే దానికంటే వదిలేది నిదానంగా వదలండి. ఆ దడ కాసేపటికి తనంతట తానే తగ్గుతుంది, ఇంట్లోనే ఉండి అది తగ్గడం చూడాలి. ఈ పద్ధతినే సీబీటీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సలో, క్రమంగా నేర్పిస్తారు. అవసరమైతే రోజూ వాడే వేరే మందులు కూడా ఉన్నాయి, కానీ అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఫిట్స్, బతకాలని లేదనే ఆలోచన... వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి. ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి. వీలైతే అక్కయ్యనూ తోడు తీసుకెళ్లండి.