శబ్దం రాని కంప్యూటర్ కావాలంటే ప్రాసెసర్ సంగతి తర్వాత, ముందు ఎస్ఎంపీఎస్ చూడండి

నలభై వేల లోపు డెస్క్‌టాప్ కావాలి, గేమ్స్ అక్కర్లేదు, రాత్రిళ్లు కోడింగ్ పని చేసుకుంటుంటే పక్కన పడుకున్న పాప లేవకూడదు, ప్రాసెసర్ రైజెన్ మంచిదా ఇంటెల్ మంచిదా అని కదా మీరు అడిగింది? ఏదైనా తీసుకోండి. నిజంగానే చెప్తున్నా. ప్రాసెసర్‌కి నోరు లేదు, అరిచేదంతా దాన్ని చల్లబరిచే ఫ్యాన్లూ, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్సూ. మనవాళ్లేమో డబ్బులన్నీ ప్రాసెసర్ మీద పోసేసి, క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌తో సరిపెట్టేసుకుంటారు. తెలుగు ఇళ్లలో కంప్యూటర్ల గోలకి సగం కారణం ఆ ఫ్రీ డబ్బానే అని నా గట్టి నమ్మకం, ఎవరైనా కాదంటే వాదనకి సిద్ధం.

అప్పట్లో మేం మల్కాజిగిరిలో పైపోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం, కంప్యూటర్ హాల్లో ఉండేది. సంక్రాంతి వెళ్లాక మా అత్తయ్యగారు తణుకు నుంచి వచ్చి హాల్లోనే దివాన్ మీద పడుకున్నారు. చలికాలం కాబట్టి సీలింగ్ ఫ్యాన్ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మన ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ ఎంత మోగుతోందో మనకి తెలియదు, చలికాలంలోనో, ఏసీ గదిలోనో బండారం బయటపడుతుంది. పన్నెండు దాటాక నేనొక వీడియో రెండరింగ్‌కి పెట్టి కూర్చున్నా. కాసేపటికి ఆవిడ లేచి, అల్లుణ్ని నేరుగా అనలేక కాబోలు, "బాబూ, కింద మోటారు కట్టేయడం మర్చిపోయినట్టున్నారు, ట్యాంకు నిండి పొర్లిపోతుందేమో చూడండి" అన్నారు. నేను లేచేలోపే గదిలోంచి మా ఆవిడ, "మోటారు కాదమ్మా, ఆయన కంప్యూటరు" అని ఒకటే నవ్వు.

తెల్లారాక పక్క రేకు విప్పి, పేపరు గొట్టంలా చుట్టి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో ఫ్యాన్ దగ్గరా విన్నాను. మీ పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే దానిమీద చేసి చూడండి, గోల ఎక్కడిదో నిమిషంలో దొరికిపోతుంది. నా దాంట్లో ఎస్ఎంపీఎస్సే. లోపల 80 ఎంఎం బుల్లి ఫ్యాను. చిన్న ఫ్యాను 120 ఎంఎం ఫ్యానంత గాలి తోలాలంటే చాలా వేగంగా తిరగాలి, శబ్దమంతా ఆ వేగంలోనే ఉంది: ఒకే ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, చెవికి అది ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఒక్క జాగ్రత్త, ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పకండి, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

కొత్తది కొందామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే ఒక షాపతను "సైలెంట్ కావాల్నా అన్నా? లిక్విడ్ కూలర్ పెట్టించుకో, సౌండే ఉండదు" అన్నాడు. లిక్విడ్ కూలర్‌కి రేడియేటర్ ఉంటుంది, దానికీ ఫ్యాన్లే ఉంటాయి, పైగా నీళ్లు తిప్పే పంపు మోత అదనం. 65 వాట్ల ప్రాసెసర్‌కి అదెందుకు? తర్వాత ముందంతా గాజు పలక ఉన్న క్యాబినెట్ చూపించాడు, లోపల పెళ్లి పందిట్లో సీరియల్ సెట్లలా లైట్లు. గాజు ఉన్నచోట గాలి ఎలా వెళ్తుందయ్యా అని అడిగితే "లుక్ ముఖ్యం కదన్నా" అన్నాడు. ముందువైపు జాలీ ఉన్న మామూలు నల్ల క్యాబినెట్ కావాలంటే లోపల స్టోర్‌లోంచి దుమ్ము దులిపి తీసుకొచ్చాడు. ఈ లైట్ల పిచ్చి ఎప్పుడు పోతుందో గానీ, దీనివల్ల ఇప్పుడు లైట్లు లేని మంచి వస్తువు అడిగితే మనల్నే వింతగా చూస్తున్నారు.

ఇక మీ సంగతి. గేమ్స్ వద్దన్నారు కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనొద్దు, డబ్బూ మిగులుతుంది, రెండు మూడు ఫ్యాన్ల గోలా తప్పుతుంది. రైజెన్ 5 5600జీ 2021 నాటిదే అయినా మీ పనికి చాలు, గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి. బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ కీ లాంటిది నొక్కితే వచ్చే సెట్టింగుల్లో, దాన్ని 45 వాట్లకి దించుకోవచ్చు, కోడింగ్‌లో ఆ తేడా మీకు కనిపించదు. ర్యామ్ ఒకటే పెద్దది పెట్టకుండా రెండుగా తీసుకోండి, ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ర్యామ్‌నే కాబట్టి రెండుంటే దానికి వేగంగా అందుతుంది. ధరలు మాత్రం నన్నడక్కండి, 2025 చివర్లో ర్యామ్ రేట్లు పెరిగిన తీరు చూశాక ఈ రోజు రాసింది వచ్చే వారానికి అబద్ధమైపోతుంది.

అలా మిగిలిన డబ్బుతో 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే ముద్ర) ఎస్ఎంపీఎస్ 550 వాట్లది తీసుకోండి, మీ కంప్యూటర్ మామూలుగా 100 వాట్లు కూడా తాగదు కాబట్టి దాని ఫ్యాను నింపాదిగా తిరుగుతుంది. ప్రాసెసర్ డబ్బాలో వచ్చే చిన్న కూలర్ పక్కన పడేసి డీప్‌కూల్ ఏకే400 లాంటిది పెట్టించండి. దాని ఎత్తు 155 ఎంఎం, క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొనేముందే అడగండి. క్యాబినెట్‌కి ఫ్యాన్లు రెండు చాలు, వేగం తగ్గించుకునే వీలున్న నాలుగు పిన్నులవి. డిస్క్ ఎస్ఎస్‌డీ ఒక్కటే. పాత ఫొటోలున్న 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్‌ని లోపల బిగిస్తే బల్లంతా జివ్వుమంటుంది, దాన్ని యూఎస్‌బీ డబ్బాలో వేసి అవసరమైనప్పుడు తగిలించుకోండి.

పైసా ఖర్చులేని పని ఒకటుంది, అది మాత్రం ఎవరూ చేయరు. బయాస్‌లో ఫ్యాన్ సెట్టింగ్ ఉంటుంది, గిగాబైట్ బోర్డుల్లో స్మార్ట్ ఫ్యాన్ అనీ, ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్ అనీ. బ్రౌజర్ తెరవగానే జుయ్యిమని లేచి మళ్లీ పడుకునే ఫ్యానే మనిషిని ఎక్కువ విసిగిస్తుంది. ఒకే శ్రుతిలో మెల్లగా మోగేదాన్ని చెవి కాసేపటికి వదిలేస్తుంది, లేచి పడేదాన్ని వదలదు. అందుకని ప్రాసెసర్ వేడి 60, 65 డిగ్రీల దాకా ఫ్యాను ఒకే తక్కువ వేగంలో ఉండేలా గీత పెట్టుకోండి. మన ఎండలకి మే నెలలో గదే 40 దగ్గర ఉంటుంది కాబట్టి అప్పుడు కొంచెం పెంచాలి, భయపడాల్సింది లేదు, ప్రాసెసర్లు 80 డిగ్రీలకి ఏమీ అయిపోవు.

ఇంకోటి, కంప్యూటర్ టేబుల్ అని అమ్ముతారే, కింద చెక్క గూడు ఉన్నది, అందులో పెట్టొద్దు. వెనక వదిలిన వేడి గాలినే మళ్లీ ముందునుంచి పీల్చుకుని ఎంత మంచి ఫ్యానైనా అరవడం మొదలెడుతుంది. బయట పెట్టి, అదిరే చప్పుడు తగ్గడానికి దాని కాళ్ల కింద పాత డోర్‌మ్యాట్ ముక్కలు వేయండి. యూపీఎస్ కూడా కొనేవాళ్లయితే దాన్ని మంచానికి దూరంగా, వీలైతే గది బయట పెట్టించండి. వోల్టేజీ ఎగుడుదిగుడైనప్పుడల్లా దాని రిలే టక్కుమంటుంది, కరెంటు పోతే బీప్ బీప్ అని వీధికంతా చాటుతుంది, ఆ బీప్ ఆపే బటన్ ఉన్న మోడలేనా అని షాపులోనే నొక్కి చూసుకోండి.