నవలను గే కథగా నెల్లూరికి తేవాలంటే పేర్లు మారిస్తే చాలదు

మీరడిగింది ఇదీ: జేన్ ఆస్టెన్ ఇంగ్లిషు నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను ఇద్దరు అబ్బాయిల ప్రేమకథగా మార్చి నెల్లూరులో ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు హక్కులు. జేన్ ఆస్టెన్ 1817లోనే పోయింది కాబట్టి నవలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెలుగు అనువాదంలోని మాటలు వాడుకుంటే మాత్రం అనువాదకుల హక్కు వేరే ఉంటుంది. మన చట్టంలో అది రచయిత పోయాక 60 ఏళ్లు. ఇదే నవలతో 2022లో ‘ఫైర్ ఐలండ్’ అనే గే సినిమా వచ్చింది. తప్పకుండా చూడండి, సీన్లు మాత్రం ఎత్తుకోవద్దు.

అందులో ముఖ్యంగా ఒకచోట ఆగండి. నవలలో విక్‌హామ్ అనే మోసగాడు నాయిక చెల్లెలు లిడియాను లేపుకుపోతాడు. ఆ సినిమా జరిగే చోట అది ఇప్పుడు పెద్ద ప్రమాదమేమీ కాదు. అందుకని విక్‌హామ్ స్థానంలో ఉన్నవాడు లిడియా స్థానంలోని కుర్రాడి పడకగది వీడియోను చెప్పకుండా నెట్‌లో పెడతాడు. నవలలో నాయకుడైన డార్సీ స్థానంలోని లాయరు దాన్ని తీయిస్తాడు. సంఘటన మారింది, పరువు భయం అలాగే ఉంది. మీరు ప్రతి సీనునూ ఇలాగే మార్చుకోవాలి.

మరి నెల్లూరులో ఆ భయం ఎక్కడుంది? ఇద్దరు కుర్రాళ్లు ఒకే గదిలో అద్దెకుంటే ఎవరూ ఏమీ అనరు. సంబంధాలు చూడ్డం మొదలయ్యాకే చిక్కంతా. కాబట్టి నవలలోని అయిదుగురు అక్కచెల్లెళ్లను ఒక్క అక్కకు కుదించండి గానీ తల్లిని తీసేయొద్దు. చీమకుర్తి క్వారీవాళ్ల అబ్బాయి ఊళ్లోకొచ్చాడనగానే ఆమె కూతురికి అడుగుదామనుకుంటుంది. “నీకు తెలిసినోడే గదబ్బయా, ఒకమాట కదిలించి చూడు” అని కొడుకునే పంపుతుంది. వాడు మనసు పడింది ఆ అబ్బాయి మీదే.

నవలలోని నాట్యాల సీనుకు బదులు పెళ్లి రిసెప్షన్ అందరికీ తట్టేదే. మీకు రొట్టెల పండగ ఉంది. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. తల్లి కొడుకు చేత పెళ్లి రొట్టె పట్టిస్తుంది. తడిచేతిలో రొట్టె అంచు నాని తెగిపోవడం దగ్గరగా చూపిస్తే ఒక పేజీ డైలాగు అక్కర్లేదు. ఆ జనంలో నటులను పెడితే అందరూ కెమెరా వైపే చూస్తారు, షాటు పోతుంది. పండగలో అనుమతి తీసుకుని దూరం షాట్లూ శబ్దమూ పట్టుకోండి, చేతులు వేరే చెరువులో తీయండి.

నవలలో డార్సీ తన తప్పొప్పులు వివరిస్తూ నాయికకు రాసే ఉత్తరాన్ని ఫోన్ తెర మీద చదివిస్తే సినిమా అక్కడే చచ్చిపోతుంది. వాయిస్ మెసేజ్ చేయండి, ఒంగోలు బస్సులో ముక్కలు ముక్కలుగా వినిపించండి. ఇంజిన్ హోరు విడిగా రికార్డు చేసుకుని ఎడిటింగ్‌లో కలపాలి, లేకపోతే మాటలు మునిగిపోతాయి.

ముగింపులో పెళ్లి పెట్టలేరు. 2018 సుప్రీంకోర్టు తీర్పుతో స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది గానీ, 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ పెళ్లికి గుర్తింపు ఇవ్వలేదు. అందుకే మళ్లీ చెరువుకే రండి. మరుసటేడు కొడుకు రొట్టె ఇవ్వడానికొస్తాడు. “ఏం రొట్టె నాయనా?” అని ఎవరో ముసలామె అడుగుతుంది. వాడు నోరు తెరిచేలోపు కట్ చేయండి, ఫ్రేములో తల్లి ముఖం ఉండాలి.